మా హెచ్‌ఓఏ మేనేజ్‌మెంట్ కంపెనీకి రెండు స్టార్లు, అవి కూడా స్విమ్మింగ్ పూల్ పుణ్యమే

డాలస్‌కి ఉత్తరాన ఇల్లు కొనాలని తిరుగుతున్నవాళ్ళు ఒక పది నిమిషాలు ఆగి ఇది చదవండి. ఇది ఇంటి గురించో బిల్డర్ గురించో కాదు, మా గేటెడ్ కమ్యూనిటీలో ఇళ్ళ యజమానుల సంఘం (హోమ్ ఓనర్స్ అసోసియేషన్, హెచ్‌ఓఏ) తరఫున పనులు నడిపిస్తున్న మేనేజ్‌మెంట్ కంపెనీ గురించి. పేరు రాయను. మా ఇల్లు ఇంకా ఇక్కడే ఉంది, వాళ్ళతో నాకు ఇంకా పని ఉంది, పైగా చుట్టుపక్కల కమ్యూనిటీల్లో ఉన్న స్నేహితులను అడిగితే పేర్లు వేరైనా కథలు మాత్రం ఇవే.

మేం 2019లో కొన్నాం. మొత్తం 412 ఇళ్ళు, లోపల రోడ్లన్నీ ప్రైవేట్ రోడ్లు. అప్పుడు హెచ్‌ఓఏకి కట్టే రుసుము (డ్యూస్) ఏడాదికి 780 డాలర్లు, ఇప్పుడు 1,350. అందరివీ కలిపితే ఏడాదికి అయిదున్నర లక్షల డాలర్ల పైమాట. కొనేటప్పుడు సేల్స్ ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ "లోపల అన్నీ హెచ్‌ఓఏనే చూసుకుంటుంది, మీకు ఏ టెన్షనూ ఉండదు" అంది. మేమూ నవ్వాం. "అన్నీ" అంటే రోడ్డు, రోడ్డు పక్క కాలవ, వీధి దీపం, చెత్త బండి, వాన నీళ్ళు నిలిచే చెరువు, దాని చుట్టూ గోడ అని ఆ రోజు అడగాలని తోచలేదు. మామూలుగా ఊళ్ళో ఇవి మున్సిపాలిటీ పనులు కదా, ఇక్కడ అవన్నీ మా నెత్తిన ఉన్నాయని నాకు తెలిసింది మూడేళ్ళ తర్వాత, ఒక్క దీపం ఆరిపోయినప్పుడు.

మా వీధి మలుపులో ఉన్న దీపం అది. రోజూ సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కే చోటు, అక్టోబరులో ఆరిపోయింది. స్తంభం మీద నంబరు ఉంటుంది, అది చూసి కరెంటు కంపెనీకి ఫోన్ చేశాను. అయిదు నిమిషాలు వెతికి "ఇది మా స్తంభం కాదండీ" అన్నారు. సిటీకి ఫోన్ చేశాను. అడ్రసు చెప్పగానే "అది ప్రైవేట్ స్ట్రీట్, మీ అసోసియేషన్‌ని అడగండి" అని పెట్టేశారు. సరే అని మేనేజ్‌మెంట్ కంపెనీ పోర్టల్‌లో టికెట్ వేశాను. "మీ అభ్యర్థన అందింది" అని క్షణంలో మెయిల్ వచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ లేదు. ఫోన్ చేస్తే వెండర్‌కి పంపాం అన్నారు. ఇంకో రెండు వారాలకి చేస్తే మేనేజర్ మారారు, కొత్తావిడకి ఫైల్ అందలేదు అన్నారు. ఆవిడకి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను, స్తంభం నంబరుతో సహా. ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, మా అబ్బాయి స్కూల్ ఐడీ నంబరు మాత్రం రాదు.

ఆ దీపం 131 రోజులు ఆరిపోయే ఉంది. డిసెంబరులో పక్కింటి పెద్దాయన ఆ చీకట్లో రోడ్డు అంచు గట్టు (కర్బ్) కనపడక తూలిపడ్డారు, మోకాలు చిట్లింది, అదృష్టం కొద్దీ అంతకన్నా ఏమీ కాలేదు. చివరికి తేలిన కారణం వింటే మీకు నవ్వొస్తుంది. స్తంభం లోపల వైరింగ్ పోయింది, రిపేరు ఖర్చు 500 డాలర్లు దాటుతోంది, 500 దాటిన ఏ ఖర్చుకైనా హెచ్‌ఓఏ బోర్డు ఓటు కావాలి, రెండు బోర్డు మీటింగులకి సరిపడా సభ్యులు రాక వాయిదా పడ్డాయి. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. కానీ సిటీ వీధిలో దీపం ఆరితే నేను కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి మైకులో మూడు నిమిషాలు అరవగలను, ఆ కౌన్సిల్ సభ్యుడు మళ్ళీ ఓటుకి నా గుమ్మం తొక్కాలి. ఇక్కడ నేను ఎవరి మీద అరవాలి? పోర్టల్ మీదా?

ఈ దీపం నాటకం నడుస్తుండగానే వచ్చింది అసలు కామెడీ. జనవరిలో మాకు వాయలేషన్ లెటర్, అంటే రూలు తప్పారని నోటీసు. విషయం: "చెత్త డబ్బా వీధికి కనపడుతోంది." ఫొటో కూడా పెట్టారు. ఇన్‌స్పెక్టర్ అనే ఆయన నెలకి రెండుసార్లు కారులో మెల్లగా తిరుగుతూ ఫొటోలు తీసుకుంటాడు, కిందకి దిగడు, ఎవరితోనూ మాట్లాడడు. ఆ వారం చెత్త బండి రాలేదు. మంగళవారం రావాల్సినది గురువారం వచ్చింది. బండి రాకపోతే డబ్బా రోడ్డు పక్కన కాక ఎక్కడ ఉంటుంది? పైగా ఆ చెత్త బండి కాంట్రాక్టు ఇచ్చింది ఎవరు? హెచ్‌ఓఏ. నడిపించేది ఎవరు? ఇదే మేనేజ్‌మెంట్ కంపెనీ. బండి రాలేదని వాళ్ళకి ఆ వారం కనీసం నలభై టికెట్లు వెళ్ళి ఉంటాయి. అయినా లెటర్ వచ్చింది. మొదటిది మామూలు పోస్టులో, జవాబు రాసినా లెక్క చేయకుండా రెండోది సర్టిఫైడ్ మెయిల్‌లో. ఆ సర్టిఫైడ్ మెయిల్ పంపినందుకు 25 డాలర్లు నా ఖాతాలోనే వేశారు. కొట్టినవాడే కర్ర ఖరీదు అడిగినట్టుంది.

మా ఆవిడ "పాతిక డాలర్లేగా, కట్టేసి వదిలెయ్యండి" అంది. నిజమే, నా గంట జీతం కూడా కాదు. కానీ నాకు ఆ ఫొటో మీద కోపం వచ్చింది. అందులో మా డబ్బా ఒక్కటే కాదు, వెనకాల వీధి చివర దాకా అందరి డబ్బాలూ నిండుగా నిలబడి ఉన్నాయి, పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారిలా.

అప్పుడు కూర్చుని హెచ్‌ఓఏల గురించి చెప్పే టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ చదివాను. మీరూ చదవండి, లాయర్ అక్కర్లేదు, ఇంగ్లీషు అంత కష్టమేమీ కాదు. లెటర్ పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు బోర్డు ముందు విచారణ (హియరింగ్) కావాలని రాతపూర్వకంగా అడగవచ్చు. 2021లో వచ్చిన సవరణ తర్వాత, హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు వాళ్ళు చూపించబోయే ఆధారాలన్నీ మనకి పంపాలి. పంపకపోతే మనం అడక్కుండానే 15 రోజుల వాయిదాకి హక్కు ఉంటుంది. మా వాళ్ళు పంపలేదు. నేను ఆ సెక్షన్ నంబరు రాసి మెయిల్ చేశాను. మర్నాడే ఫోన్ వచ్చింది, ఇన్నాళ్ళలో వాళ్ళంతట వాళ్ళు చేసిన మొదటి ఫోన్ అదే. హియరింగ్‌లో బోర్డు వాళ్ళు ఫొటో చూసి, వెనకాల డబ్బాలు చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆ నోటీసు కొట్టేశారు. నాలుగు నిమిషాలు పట్టింది. పాతిక డాలర్లు మాత్రం ఖాతాలోంచి పోవడానికి ఇంకో రెండు నెలలు, ఆరు మెయిళ్ళు పట్టాయి.

మధ్యలో ఒక మాట. మన తెలుగువాళ్ళు ఇద్దరు బోర్డులో ఉన్నారు, మంచివాళ్ళే, ఉద్యోగాలు చేసుకుంటూ జీతం లేకుండా ఈ తలనొప్పి పెట్టుకున్నారు. కానీ కంపెనీ ఏది పంపితే దాని మీద సంతకం పెడతారు. దసరాకి మా వీధిలో ఒకావిడ గుమ్మానికి కట్టిన తోరణం తీసేయమని లెటర్ వెళితే దాని మీద కూడా వాళ్ళ సంతకమే. గుమ్మం దగ్గర పెట్టుకునే మతపరమైన గుర్తులకి టెక్సాస్ చట్టం 2011 నుంచీ రక్షణ ఇస్తోంది, 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. ఆ సంగతి చెబితే "అలాగా, మాకు ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఇద్దరి ఇళ్ళకీ తోరణాలు ఉన్నాయి, అది వేరే విషయం.

ఇక నాకు నిజంగా కళ్ళు తెరిపించింది కాంట్రాక్టు. ఇంటి యజమాని రాతపూర్వకంగా అడిగితే హెచ్‌ఓఏ రికార్డులు 10 పనిదినాల్లో చూపించాలి, లేదా ఎందుకు ఆలస్యమో చెప్పాలి. అడిగాను. ముందు "అది గోప్యం" అన్నారు. మళ్ళీ సెక్షన్ నంబరు. వచ్చింది, పద్నాలుగు పేజీలు. అందులో ఉన్నది ఇది: కంపెనీకి ఇంటికి నెలకి 12 డాలర్లు ఫిక్సెడ్, అంటే ఏడాదికి 59 వేల పైచిలుకు. దీపం వెలిగినా, ఆరినా అది మారదు. అది కాక చివర్లో రేట్ల పట్టిక ఒకటి ఉంది. సర్టిఫైడ్ లెటర్‌కి 25. ఇల్లు అమ్మితే ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్‌కి 375, చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి కచ్చితంగా అంతే. యజమాని పేరు మార్చడానికి ఇంకొంత. డ్యూస్ లేటయితే కలెక్షన్ నోటీసుకి ఇంకొంత. ఇవన్నీ ఇంటి యజమాని నుంచి వసూలై కంపెనీకి పోతాయి, హెచ్‌ఓఏ ఖాతాలోకి రావు.

ఇప్పుడు ఆలోచించండి. దీపం రిపేరు అంటే వాళ్ళకి వెండర్‌తో నాలుగు ఫోన్లు, బోర్డుతో మూడు మెయిళ్ళు, ఆదాయం సున్నా. చెత్త డబ్బా ఫొటో అంటే ఒక క్లిక్, పాతిక డాలర్లు. అక్కడ పనిచేసే అమ్మాయిలని నేను తిట్టను, ఒక్కో మేనేజర్‌కి ఎనిమిది పది కమ్యూనిటీలు అప్పజెప్పారట, నాలుగేళ్ళలో మాకు అయిదుగురు మారారు. కానీ ఆ పట్టిక చూశాక వీళ్ళ ఇన్‌స్పెక్టర్ ఎందుకు అంత ఠంచనుగా వస్తాడో, ఎలక్ట్రీషియన్ ఎందుకు రాడో నాకు ఇక ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

ఆ కాంట్రాక్టు మీద సంతకం ఎవరిదో తెలుసా? మాలో ఎవరిదీ కాదు. కమ్యూనిటీలో ఇళ్ళు అమ్ముడవుతున్నంత కాలం బోర్డు డెవలపర్ చేతిలో ఉంటుంది. నాలుగింట మూడొంతుల ఇళ్ళు అమ్ముడయ్యాక కూడా చట్టం ప్రకారం కనీసం మూడో వంతు బోర్డు సీట్లే యజమానులు ఎన్నుకుంటారు. మా డెవలపర్ పోయేముందు ఈ కంపెనీని 2021 జనవరి నుంచి పెట్టి, కాంట్రాక్టు ఏటా దానంతట అదే పొడిగించుకునేలా రాయించి వెళ్ళిపోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

సిటీ మీద కూడా నాకు కోపం ఉంది. మా ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఏడాదికి 9 వేలు దాటుతుంది. న్యాయంగా చెప్పాలంటే అందులో పెద్ద భాగం స్కూళ్ళకి పోతుంది, సిటీ వాటా రెండు వేల లోపే. కానీ ఆ రెండు వేలు గేటు బయట, సిటీ రోడ్డు మీద ఉన్న ఇంటి వాళ్ళూ అదే రేటున కడతారు, వాళ్ళ రోడ్డు గుంత సిటీ పూడుస్తుంది, మా రోడ్డు గుంత మేం మళ్ళీ డబ్బు పెట్టి పూడ్చుకోవాలి. సిటీకి ఇదంతా ఉచితంగా వచ్చిన పంట. పన్ను వస్తుంది, పని ఉండదు. అందుకే కొత్త లేఅవుట్లకి అనుమతి ఇచ్చేటప్పుడు చెరువు, పార్కు, గోడ చూసుకోవడానికి హెచ్‌ఓఏ పెట్టాలని చాలా సిటీలే అడుగుతాయి. ఇది టెక్సాస్ రోగమే కాదు. కాలిఫోర్నియాలో 1978లో ప్రపొజిషన్ 13 ప్రాపర్టీ టాక్స్‌కి కళ్ళెం వేశాక, అక్కడి ఊళ్ళకి కూడా సొంత రోడ్లు సొంతంగా వేసుకునే కాలనీలు మహా ముద్దొచ్చాయి. 1970లో అమెరికా మొత్తం మీద ఇలాంటి అసోసియేషన్లు 10 వేలు ఉంటే, ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయి, 7 కోట్లకు పైగా జనం వాటి కింద బతుకుతున్నారు. ఎవరూ ఎక్కడా "రోడ్లు, దీపాలు ప్రైవేటుకి అప్పజెబుదామా" అని ఓటు పెట్టలేదు. ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ కాగితాల్లో నలభయ్యో సంతకంగా అది జరిగిపోయింది.

ప్రైవేటుకి ఇస్తే చవగ్గా, చకచకా అవుతుందని వాదించే మిత్రులు ఉన్నారు, వాళ్ళకి రెండు ఊళ్ళు గుర్తు చేస్తుంటాను. షికాగో 2008లో వీధి పార్కింగ్ మీటర్లను 75 ఏళ్ళకి దాదాపు 115 కోట్ల డాలర్లకి లీజుకి ఇచ్చేసింది. మరుసటి ఏడాదే రేట్లు పెరగడం మొదలు, ఆ ఊరి సొంత తనిఖీ అధికారే (ఇన్‌స్పెక్టర్ జనరల్) 2009లో దాదాపు వంద కోట్లు తక్కువకి ఇచ్చేశారని తేల్చాడు. జార్జియాలో శాండీ స్ప్రింగ్స్ 2005లో ఊరుగా ఏర్పడినప్పుడు పోలీసు, ఫైర్ తప్ప దాదాపు అన్ని పనులూ ఒక కంపెనీకి ఇచ్చి దేశానికే నమూనా అనిపించుకుంది. 2019లో వాళ్ళే లెక్కలు వేసుకుని, సొంత ఉద్యోగులను పెట్టుకుంటే అయిదేళ్ళలో 1.4 కోట్ల డాలర్లు మిగులుతాయని చాలావరకు వెనక్కి తీసుకున్నారు. అది ఊరు కాబట్టి కౌన్సిల్ అంకెలు ముందు పెట్టి బహిరంగంగా మాట్లాడుకుంది. మా పద్నాలుగు పేజీలు చూడటానికి నాకు రెండు సెక్షన్ నంబర్లు కావలసి వచ్చింది.

హక్కుల మాట కూడా ఒకటి ఉంది, తొందరగా చెప్పేస్తాను. 1946లో అలబామాలో ఒక కంపెనీ సొంత ఊళ్ళో కరపత్రాలు పంచిన మనిషి కేసులో, ఊరు ప్రైవేటుదైనా వాక్ స్వాతంత్ర్యం ఆగదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో న్యూజెర్సీలో ట్విన్ రివర్స్ అనే, పదివేల మంది ఉండే హెచ్‌ఓఏ కాలనీలో యజమానులు తమ ఇంటి ఆవరణలో రాజకీయ బోర్డులు పెట్టుకోవడం మీద ఆంక్షల గురించి కోర్టుకెక్కితే, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆంక్షలు చెల్లుతాయంది. ఊరంత ఉన్నా ఊరు కాదన్నమాట. పన్ను వేయడానికి, జరిమానా వేయడానికి మాత్రం ఊరే.

ఇక రెండు స్టార్లు ఎందుకంటే, వాళ్ళు బాగా చేసినవీ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చలికి గడ్డకట్టిన వారంలో క్లబ్‌హౌస్, పూల్ పైపులు పగిలితే, డాలస్‌లో ప్లంబర్ దొరకడమే గగనమైన రోజుల్లో, రెండో రోజుకి మనిషిని పట్టుకొచ్చారు. పూల్ ఇప్పటికీ అద్దంలా ఉంటుంది. గేటు దగ్గర పూలమొక్కలు సీజన్ సీజన్‌కీ మారుస్తారు. ఆన్‌లైన్‌లో డ్యూస్ కట్టడం సులువు, కట్టించుకోవడంలో వాళ్ళకి లోపం ఎప్పుడూ లేదు.

కొనబోయేవాళ్ళకి: రీసేల్ సర్టిఫికెట్ ఏజెంటు పంపితే ఫైల్‌లో పడేయకండి. హెచ్‌ఓఏ పెద్ద ఖర్చులకని దాచిన నిధిలో (రిజర్వు) ఎంత డబ్బు ఉందో, మీద కేసులు ఏమున్నాయో అందులోనే ఉంటుంది. ప్రైవేట్ రోడ్లు ఉన్న చోట రిజర్వు చిన్నగా ఉంటే, పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో రోడ్డు మళ్ళీ వేయాల్సిన రోజున స్పెషల్ అసెస్‌మెంట్, అంటే డ్యూస్ కాక అదనపు వసూలు, మీ మీదే పడుతుంది. ఇంకొకటి, హెచ్‌ఓఏతో గొడవ వచ్చిందని కోపంతో డ్యూస్ మాత్రం ఆపకండి. టెక్సాస్‌లో సొంతింటికి ఎంత రక్షణ ఉందని చెప్పుకున్నా, హెచ్‌ఓఏ డ్యూస్ బాకీకి ఇల్లు వేలం వేయవచ్చని 1987లోనే ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఒట్టి జరిమానాల కోసం వేలం వేయకూడదు, డ్యూస్ కోసం వేయవచ్చు. ఆ తేడా గుర్తుంచుకుని, కట్టండి, కట్టి కొట్లాడండి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి, మా అంత పెద్ద అసోసియేషన్ అయితే కనీసం మూడు నెలల వాయిదా పథకం ఇచ్చి తీరాలి.

ఇక మా కమ్యూనిటీ వాళ్ళే ఎవరైనా చదువుతుంటే మీకో సంగతి. కాంట్రాక్టు గడువు డిసెంబరు 31న మళ్ళీ దానంతట అదే పెరుగుతుంది. వద్దంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అంటే నవంబరు 1 లోపు. మన యాన్యువల్ మీటింగ్ ఏటా ఎప్పుడు పెడుతున్నారో చూశారా? నవంబరు రెండో వారం. పోయినేడు దానికి వచ్చింది 29 మంది, నేనూ మొదటి మూడేళ్ళు వెళ్ళలేదు లెండి. అందుకని అక్టోబరులోనే స్పెషల్ మీటింగ్ పెట్టించాలని సంతకాలు తీసుకుంటున్నాం. మన బైలాస్ (సంఘం నియమావళి) ప్రకారం పావు వంతు ఇళ్ళు, అంటే 103 కావాలి. నిన్న రాత్రికి 83 అయ్యాయి. చెరువు అవతలి రెండు వీధులూ ఇంకా తిరగలేదు, శనివారం పొద్దున్న వస్తాం, ఇంట్లో ఉండండి.